మూడుకి ఎదురుగా ఎనిమిది

3, సోమవారం

ల్యాబ్‌లో కంప్యూటరు లేవలేదు. స్విచ్ వేస్తే నల్ల తెర వచ్చింది. దాని మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరిగాయి. మరమ్మతుకి సిద్ధమవుతున్నానని ఇంగ్లీషులో ఒక ముక్క కనిపించింది, ఆరిపోయింది. నేను ముట్టుకోకుండానే తనంతట తనే మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ చుక్కలు, మళ్ళీ అదే మాట, మళ్ళీ చీకటి. పొద్దున్నుంచి తలుపులు మూసేదాకా అదే పని. నా బల్ల మీదే కదా ఉంది, చూడకుండా ఉందామన్నా కుదరదు. తెర నల్లబడినప్పుడల్లా అందులో నా మొహమే కనిపిస్తోంది.

శనివారం సాయంత్రం కరెంటు పోయింది. అందుకే అయి ఉంటుంది. డాక్టరమ్మకి అదే చెప్పాను.

"పోనీలెండి. యంత్రం కక్కే కాగితం చూసి చేత్తో రాసిద్దాం. మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుందిగా" అన్నారు ఆవిడ. పదిహేడేళ్ళుగా ఆవిడ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. ఒక్కరోజు కూడా నన్ను గొంతు పెంచి పిలవలేదు.

ఆరు గంటల ప్రార్థన జరిగింది. మనసు నిలవలేదు.

4, మంగళవారం

కంప్యూటరు బాగుచేసే అతను వచ్చాడు. ముప్పై దాటి ఉంటాయి. బొద్దుగా ఉన్నాడు, నోరు ఊరుకోదు.

"ఏమ్మా, పేషెంటుకి ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

"నిన్న పొద్దున్నుంచి బాబూ."

"పడిపోయే ముందు ఏమైంది?"

"కరెంటు పోయింది."

అతను బల్ల కిందకి వంగి చూశాడు. "బ్యాటరీ డబ్బా నిక్షేపంలా ఉందే! అరగంట మోస్తుందిది. కరెంటు పోతే ఇదెందుకు ఊరుకుంది?"

"ఏమో బాబూ."

అతను మరి అడగలేదు. ఏవేవో మీటలు నొక్కి, గడ్డం గోక్కుని, చివరికి తేల్చాడు. "గుండె కొట్టుకుంటోంది, మనుషుల్నే గుర్తుపట్టడం లేదు. లేవడానికి కావలసిన ఫైళ్ళు పాడయ్యాయి. రెండు దార్లున్నాయమ్మా. ఒకటి, మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించడం. గంటలో అయిపోతుంది. రెండోది, నా పెన్‌డ్రైవ్‌లో ఇంకో బుర్ర పట్టుకొస్తాను. దీని బుర్రతో ఇది లేవలేదు కాబట్టి, ఆ బుర్రతో లేపి, లోపలికెళ్ళి, పాడైనవి తీసి మంచివి పెట్టి బయటికి రావాలి. మీ సరుకు ఎక్కడిదక్కడే ఉంటుంది. కాకపోతే ఆలస్యం. లోపల కావలసినవేమైనా ఉన్నాయా? తుడిచెయ్యమంటారా?"

సర్ది ఉన్న కాగితాలే మళ్ళీ సర్దాను.

"డాక్టరమ్మని అడగండి" అన్నాను. అది అబద్ధం కాదు.

డాక్టరమ్మ లోపలి గదిలోంచే కేకేశారు. "తుడవద్దు బాబూ, ఆరు నెలల రిపోర్టులున్నాయి!"

ఆవిడ తుడిచెయ్యమంటే నేను అడ్డుపడేదాన్నా? పడేదాన్ని. పడేదాన్నే.

5, బుధవారం

టీచరమ్మ వచ్చింది. శనివారం ఇచ్చిన రిపోర్టుకి ఇంకో కాపీ కావాలట. రక్తంలో తెల్ల కణాలు ఉండాల్సిన దానికి పదింతలున్నాయని వచ్చింది ఆ రిపోర్టులో. నేనే కొట్టి, నేనే కవరులో పెట్టి చేతికిచ్చాను. పన్నెండో తారీఖున పెద్దాసుపత్రికి వెళ్తోంది.

"బళ్ళో ఎవరికీ చెప్పలేదండి" అంది. "పరీక్ష పేపర్లు దిద్దేసి వెళ్తాను. ఈసారి అందరికీ మార్కులు ఎక్కువే వేస్తున్నాను, చెయ్యి ఆగడం లేదు." నవ్వబోయింది, కుదరలేదు. "మీరు చాలా భక్తి గలవారని అంటారు. నా కోసం ఒక్క మాట అనుకోండి."

అనుకుంటానన్నాను. కాపీ కంప్యూటరు బాగయ్యాక ఇస్తానన్నాను.

ఇంటికొస్తుంటే టైలరమ్మ చూసింది. మా వీధి మొదట్లోనే ఆవిడ ఇల్లు. నా జాకెట్లన్నీ ఆవిడే కుడుతుంది. మిషను ఆపి గుమ్మంలోకి వచ్చేసింది.

"వదినా! నిన్ను తలుచుకోని పూట లేదు. నాకేమీ లేదని రిపోర్టు నీ చేత్తో ఇచ్చావు చూడు, నీ చెయ్యి చల్లన. మా ఆయన ఏమంటాడో తెలుసా? 'నీకు రోగం కాదే, బద్ధకం' అంటాడు. ఊరందరి బట్టలూ కుట్టేది నేను, ఇంట్లో నలుగురివీ ఉతికేది నేను, బద్ధకం నాకా!"

నవ్వుతూనే గుమ్మానికి చేరగిలబడింది. రెండు మెట్లు దిగినందుకే ఊపిరి అందడం లేదు. మోచేతి మడతలో, శనివారం సూది గుచ్చిన చోట, కోటు గుండీ అంత నల్లగా కమిలి ఉంది. ఇంకా పోలేదు.

"నీ ప్రార్థనే వదినా" అంది.

6, గురువారం

నేను వెళ్ళేసరికి, రక్తం గొట్టాలు పెట్టిన ర్యాకు నా బల్ల మీద దేవుడి పటం వైపు తిరిగి ఉంది. నేను తిప్పలేదు. సోమవారం నుంచి నేను దాన్ని తిప్పడమే మానేశాను.

సరిచేసి, చీటీలన్నీ రెండుసార్లు చదివి యంత్రంలో పెట్టాను.

7, శుక్రవారం

ఈ రోజూ తిరిగే ఉంది. గదిలో ఎవరూ లేరు. కంప్యూటరు తనంతట తనే లేస్తోంది, పడుతోంది.

రక్తం తీసే అన్నయ్యని అడగొచ్చు. అందరూ ఆయన్ని సూది అన్నయ్య అంటారు. ర్యాకు తెచ్చి బల్ల మీద పెట్టేది ఆయనే. కానీ అడిగితే "ఎందుకమ్మా?" అంటాడు.

అడగలేదు.

8, శనివారం

కరెంటు పోలేదు. ఇది నా పుస్తకం. దీనికి కూడా అబద్ధం చెప్పి ఎక్కడికి పోతాను?

పోయిన శనివారం కంప్యూటరు ఆపబోతే, కొత్తవేవో ఎక్కించుకుంటున్నాను, ఆపవద్దు అని వచ్చింది. ఇరవై శాతం దగ్గర నిలబడిపోయింది. గడియారం పది తక్కువ ఆరు. ఇంటికి పది నిమిషాల నడక. అమ్మ పోయినప్పటి నుంచి ఇరవై రెండేళ్ళుగా ఆరు గంటల ప్రార్థన ఒక్కరోజు తప్పలేదు నాకు. అందుకని బ్యాటరీ డబ్బా మీది బొత్తాం నొక్కేశాను. దేవుడి కోసం తొందరపడ్డాను. అంతే. అంతకంటే ఏమీ లేదు.

ర్యాకు సంగతి కూడా రాసేస్తే బరువు దిగుతుందేమో.

పది గుంటలు, పది గొట్టాలు. ర్యాకు రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. దాని మీది అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. సూది అన్నయ్య ఎడమ నుంచి వరుసగా గొట్టాలు పెట్టి, చీటీలు నా కుర్చీ వైపు ఉండేలా బల్ల మీద ఉంచుతాడు. నేను వచ్చి కళ్ళు మూసుకుని, ర్యాకుని ఎదుటి గోడ మీది పటం వైపు తిప్పుతాను. "తండ్రీ, వీళ్ళని చల్లగా చూడు" అనుకుంటాను. మళ్ళీ నా వైపు తిప్పి తీసుకెళ్ళి యంత్రంలో పెడతాను. పెట్టేముందు చీటీలు చూడాలి. ఎన్నేళ్ళ నుంచో చూడటం లేదు. చేతులకి అలవాటైపోయింది.

యంత్రం గుంటల వరుసలో పరీక్ష చేసి అంకెలు కంప్యూటరుకి పంపిస్తుంది. మొదటి గుంటకి మొదటి పేరు, రెండో గుంటకి రెండో పేరు కొడతాను. పాత యంత్రం రోజుల నాటి పద్ధతి అది. ఈ కొత్త యంత్రం గొట్టం మీది చీటీ నంబరు కూడా చదివి, పక్కన సన్న అక్షరాల్లో వేస్తుంది. ఆ వరుస నేను చూడను.

ఆ శనివారం మూడో మనిషి టైలరమ్మ. ఎనిమిదో మనిషి టీచరమ్మ.

ర్యాకు తిరగబడి ఉంటే మూడోది ఎనిమిదో గుంటగా చదువుతుంది, ఎనిమిదోది మూడో గుంటగా. కానీ నేను తిప్పాను, మళ్ళీ తిప్పాను. నాకు బాగా గుర్తుంది. రెండుసార్లూ తిప్పాను.

ఆ గొట్టాలు సోమవారమే పారేశారు. ఇప్పుడు ఏదైనా తెలియాలంటే కంప్యూటరు లేవాలి. అది లేచాక, నిజంగా ఏమైనా ఉంటే చెప్తాను. ఊరికే ఇద్దరు ఆడవాళ్ళని ఎందుకు భయపెట్టడం?

బరువు దిగలేదు.

9, ఆదివారం

"కంచంలో అలా కెలుకుతున్నావేమిటి?" అన్నారు మావారు.

"ఆకలిగా లేదండీ."

"ఉపవాసమా?"

"అవును" అన్నాను.

ప్రార్థనలో టీచరమ్మని తలుచుకుందామని కూర్చున్నాను. ఎంతసేపటికీ టైలరమ్మ మోచెయ్యే కనిపించింది.

10, సోమవారం

కంప్యూటరతను పెన్‌డ్రైవ్ తెచ్చాడు. వేలెడంత కూడా లేదు. దాన్ని గుచ్చి, స్విచ్ వేసి, ఒకే మీటని టకటకా కొట్టాడు. తెర మీద ఒక జాబితా వచ్చింది. దేంతో లేవాలి అని అడుగుతోందట. పెన్‌డ్రైవ్ అని చూపించాడు.

లేచింది. వారం రోజుల తర్వాత నీలంగా వెలిగింది.

"లేచింది కదా బాబూ, ఇంక లోపలివి కనిపిస్తాయా?"

"ఇది లేవలేదమ్మా. నాది లేచింది. దీని ఒంట్లో నాది కూర్చుని చూస్తోంది." నల్లటి కిటికీ ఒకటి తెరిచి ఇంగ్లీషు ముక్కలు కొట్టాడు. శాతాలు పెరిగాయి. వంద దగ్గర ఒక ఎర్ర మాట వచ్చింది. నాలుక చప్పరించాడు. "నా దగ్గరున్న ఫైళ్ళు కొత్తవి, ఇది పాతది. ఒకే ఈడు కావాలి, లేకపోతే అతకవు. వెతికి గురువారం తెస్తాను. అంత అర్జెంటా?"

"లేదు బాబూ" అన్నాను. "నింపాదిగా తీసుకురా."

వెళ్తూ వెళ్తూ పెన్‌డ్రైవ్ లాగేశాడు. మళ్ళీ చుక్కలు. మళ్ళీ చీకటి.

రాయడానికి సిగ్గుగా ఉంది. నాకు హాయిగా అనిపించింది.

11, మంగళవారం

జాకెట్టు తెచ్చుకుందామని వెళ్ళాను. టైలరమ్మ మిషను మీద తల ఆనించి నిద్రపోతోంది, పట్టపగలు. పిలిస్తే ఉలిక్కిపడి లేచింది. ముక్కులోంచి రక్తం.

"ఎండ వేడి వదినా. రెండు రోజులుగా ఇంతే. అయ్యో, నీ జాకెట్టు మీద పడింది! ఉతికి ఇస్తాలే."

"మళ్ళీ ఒకసారి పరీక్ష చేయించుకోరాదూ?"

"నీ రిపోర్టు ఉండగా ఇంకో రిపోర్టా! పో వదినా, నువ్వు మరీనూ."

నేను గట్టిగా చెప్పలేదు. నా గొంతే మెత్తన, అందరికీ తెలుసు కదా. ఆవిడ మోచేతి మీది మచ్చ అరచెయ్యంత అయింది.

జాకెట్టు వద్దు, రేపు తీసుకుంటానని వచ్చేశాను.

12, బుధవారం

టీచరమ్మ ఈ రోజు పెద్దాసుపత్రికి వెళ్ళింది. అక్కడ మళ్ళీ మొదటి నుంచీ చూస్తారు. మంచిదే.

ర్యాకు తిరిగి ఉంది.

13, గురువారం

అంతా రాయాలి. వరుసగా రాయాలి.

పొద్దున పదింటికి టీచరమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడకి ఏమీ లేదట. రక్తం శుభ్రంగా ఉందట.

"పదింతలున్నది పన్నెండు రోజుల్లో మాయమైపోయిందండీ! అక్కడి డాక్టరు, మీ ఊరి ల్యాబ్‌లో పొరపాటై ఉంటుందన్నాడు. నేను ఒప్పుకోలేదు. మొహం మీదే చెప్పేశాను. 'అక్కడున్నావిడ పొరపాటు చేసే మనిషి కాదు, నా కోసం ప్రార్థించింది, ఇది దేవుడు చేసిన పని' అని!"

అక్కడ కూర్చున్న వాళ్ళందరూ నా వైపు చూశారు. ఒక ముసలాయన నాకు దండం పెట్టాడు.

ఇన్ని రోజులు నేను డాక్టరమ్మకి చెప్పలేదు, కంప్యూటరతనికి చెప్పలేదు, ఈ పుస్తకానికి కూడా సగమే చెప్పాను. అవన్నీ మోశాను. ఇది మొయ్యలేకపోయాను. నేను దాచిన తప్పుని తీసుకెళ్ళి దేవుడి మహిమ అంటున్నారు, ఆయన పటం కిందే నిలబడి.

నేను చూశాను.

ఆ శనివారం ఐదున్నర దాటాక, రిపోర్టులన్నీ ఇచ్చేశాక, తెర మూయబోతూ సన్న అక్షరాల వరుస చూశాను. ఎందుకు చూశానో తెలియదు, ఎప్పుడూ చూడనిదాన్ని. మూడుకి ఎదురుగా ఎనిమిది ఉంది. ఎనిమిదికి ఎదురుగా మూడు ఉంది. చూసిన వెంటనే తెర మూసేశాను. అప్పుడు వచ్చింది, ఆపవద్దు అన్న మాట. వేలు బొత్తాం మీదికి వెళ్ళింది. ప్రార్థన వేళ గుర్తొచ్చింది ఆ తర్వాత.

కంప్యూటరతను మధ్యాహ్నం వస్తానన్నాడు. అతను వచ్చేదాకా ఆగొచ్చు. ఆగితే మళ్ళీ ఇంకో కారణం దొరుకుతుంది. నాకు దొరుకుతాయి. లేచి, చెప్పులేసుకుని టైలరమ్మ ఇంటికి వెళ్ళాను.

ఆవిడ మిషను తొక్కుతోంది. నా జాకెట్టే. రక్తం పడ్డ ముక్క తీసేసి కొత్త గుడ్డ అతుకుతోంది.

"తల్లీ, ఆ రిపోర్టు నీది కాదు" అన్నాను.

"ఏ రిపోర్టు?"

"నీకు బాగుందని ఇచ్చింది. అది టీచరమ్మది. నీది ఆవిడకిచ్చాను. గొట్టాలు తారుమారయ్యాయి. నా వల్ల."

చక్రం కాసేపు దానంతట అదే తిరిగి ఆగింది.

"ఆవిడ రిపోర్టులో ఏముంది?"

చెప్పాను.

"నీకెప్పుడు తెలిసింది వదినా?"

"ఆ రోజే."

ఆవిడ నా మొహం కాదు, గుమ్మం కేసి చూసింది. "పన్నెండు రోజులు, ఈ గుమ్మం ముందు నుంచే పోయావు" అంది. "నేను ప్రతిరోజూ పిలిచాను నిన్ను."

తిడితే బాగుండును. మిషను మీద గుడ్డ కప్పింది. చెప్పులేసుకుంది. దారిలో రెండుసార్లు ఆగి గోడ పట్టుకుంది. నేను చెయ్యి అందించాను. పట్టుకోలేదు. మూడోసారి పట్టుకుంది.

డాక్టరమ్మ ముందు నిలబడి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను, బొత్తాంతో సహా. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కరెంటు పోయిందన్నారు."

"పోలేదండి."

"తుడిచెయ్యమంటారా అని అతను అడిగినప్పుడు, నన్ను అడగమన్నారు."

"అవునండి."

"ఈవిడ రక్తం ముందు తీయించండి" అన్నారు. మామూలు గొంతుతోనే. నాకు ఆ గొంతు ఇంక ఎప్పుడూ మామూలుగా వినిపించదు.

సూది అన్నయ్య రక్తం తీస్తూ అంతా విన్నాడు. దూది అద్ది, దాన్ని చేత్తో పట్టుకునే నా వైపు తిరిగాడు.

"ర్యాకు తారుమారైందంటున్నావు, ఎలా అయిందమ్మా?"

"నేను రెండుసార్లే తిప్పాను అన్నయ్యా. ఒట్టు. ఎలా అయిందో తెలియదు."

ఆయన దూది పారేసి అక్కడే బల్ల మీద కూర్చున్నాడు. "ఆ శనివారం నువ్వు ఆలస్యంగా వచ్చావు. నీ మొక్కు ఎక్కడ తప్పిపోతుందోనని, నేనే ముందుగా పటం వైపు తిప్పి ఉంచాను. అప్పటి నుంచి నువ్వు దిగులుగా ఉంటున్నావు, మొక్కడం కూడా మానేశావు. అందుకని రోజూ నేనే తిప్పుతున్నానమ్మా, నీ బదులు."

ఆయనది ఒకటి. నావి రెండు. మూడుసార్లు తిరిగింది ర్యాకు. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను.

ఈ వారమంతా నేను దయ్యమనుకున్నది ఆయన మంచితనం.

"అన్నయ్యా, నువ్వు తిప్పింది తప్పు కాదు. చీటీలు చూడాల్సింది నేను. చూశాక చెప్పాల్సింది నేను" అన్నాను. నా గొంతు గట్టిగానే వచ్చింది. కావాలంటే వస్తుందన్నమాట.

మధ్యాహ్నం కంప్యూటరతను వచ్చాడు. ఈసారి పెన్‌డ్రైవ్‌లో ఒకే ఈడు ఫైళ్ళున్నాయి. దాంతో లేపాడు, లోపలికెళ్ళాడు, ఒక్కొక్క ఫైలూ సరిచూసి, పాడైనవాటి చోట మంచివి పెట్టాడు. గంటన్నర పట్టింది. పెన్‌డ్రైవ్ తీసేసి, "ఇప్పుడు నీ కాళ్ళ మీద లే తల్లీ" అని స్విచ్ వేశాడు. లేచింది.

డాక్టరమ్మ, నేను, సూది అన్నయ్య నిలబడి చూశాం. మూడుకి ఎదురుగా ఎనిమిది. ఎనిమిదికి ఎదురుగా మూడు. ఒకటికి పది. మనుషులు దాచినవి కంప్యూటరు దాచలేదు.

"ఏమ్మా, పేషెంటు లేచింది, ఎవరూ సంతోషపడరేం?" అన్నాడు అతను. సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

14, శుక్రవారం

టైలరమ్మ రక్తంలో తెల్ల కణాలు పద్నాలుగింతలున్నాయి. ఆ రోజు పది.

16, ఆదివారం

పెద్దాసుపత్రికి వెళ్ళాను. టైలరమ్మని నిన్న అక్కడ చేర్చారు. మంచం పక్కన ఆవిడ భర్త కూర్చుని ఉన్నాడు. బద్ధకమని ఎగతాళి చేసేవాడట కదా, ఆవిడ పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి బయటికి వెళ్ళిపోయాడు.

అక్కడి డాక్టరుని అడిగాను, పన్నెండు రోజులు ముందే వచ్చి ఉంటే తేడా ఉండేదా అని. "ఇప్పుడు వచ్చింది కదమ్మా, చూద్దాం" అన్నాడు. మళ్ళీ అడిగాను. కాగితాల్లోకి తల దించుకున్నాడు.

టైలరమ్మ కళ్ళు తెరిచింది. "జాకెట్టు ఒక చెయ్యే అయింది వదినా" అంది. "ఇంకెవరికీ ఇవ్వకు. నేనే కుడతాను." క్షమించినట్టు అనలేదు. పని మిగిలి ఉంది కాబట్టి చెప్పినట్టు అంది. దాని మీద ఆశ పెట్టుకోవచ్చో లేదో నాకు తెలియదు.

17, సోమవారం

డాక్టరమ్మ నన్ను తీసెయ్యలేదు. ఆ శనివారం వచ్చిన మిగతా ఎనిమిదిమందికీ నా చేతే ఫోన్లు చేయించారు. తారుమారైందని, మళ్ళీ రమ్మని చెప్పాను. ఒకాయన చెడామడా తిట్టాడు. విన్నాను. ర్యాకు కొసన ఎర్ర రంగు వేశాం. ఇక నుంచి చీటీ అంకె నేను పైకి చదవాలి, సూది అన్నయ్య అవునని చెప్పాలి. అప్పుడే యంత్రంలోకి.

టీచరమ్మకి కూడా ఫోన్ చేసి చెప్పాను, దేవుడు చేసింది కాదు, నేను చేసింది అని. "మరి ఆవిడ ఎలా ఉందండీ?" అంది.

సాయంత్రం అందరూ వెళ్ళాక కంప్యూటరు ఆపబోయాను. కొత్తవి ఎక్కించుకుంటున్నాను, ఆపవద్దు అని వచ్చింది. ఇరవై శాతం. పది తక్కువ ఆరు.

కూర్చున్నాను.

ముప్పై. నలభై రెండు. గడియారం ఆరు కొట్టింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ వేళకి నేను ఇంట్లో దీపం ముందు లేను. చుక్కలు తిరుగుతున్నాయి. బ్యాటరీ డబ్బా మీది పచ్చ దీపం నా కాలి పక్కనే వెలుగుతోంది. చెయ్యి చాపితే అందుతుంది. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నాను.

ప్రార్థన అక్కడే చేశాను. ఒక్క పేరే చెప్పాను. వంద వచ్చి, తనంతట తను ఆరిపోయేదాకా తెర కేసే చూస్తూ, కళ్ళు తెరిచే చేశాను.